బతికున్న చేపల సాక్ష్యం

మేత గదికి బయట గొళ్లెం పెట్టించి, దాని ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు మా బావ. ఆయన పోలీసు ఇన్‌స్పెక్టరు, మా అక్క మొగుడు. నేను ప్రైవేటు డిటెక్టివ్‌నని బోర్డు పెట్టిన రోజు నుంచీ, కందకు లేని దురద కత్తిపీటకెందుకన్న సామెత నా గురించే పుట్టిందని ఆయన గట్టి నమ్మకం. నన్ను చూసి లేవలేదు. వాచీ చూసుకున్నాడు.

“నాలుగింటికి వ్యాను వస్తుంది మరదలా. ఆవిణ్ణి ఎక్కించి పంపేస్తాను. ఈలోపు నీ సరదా తీర్చుకో. పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికివ్వకుండా పట్టుకుని మరీ మీ అక్క నా దగ్గర ఈ మాట తీసుకుంది” అన్నాడు.

అప్పటికి రెండున్నర దాటింది.

మా బావ మాటల్లో కేసు చాలా చిన్నది. ఇది చేపల పరిశోధన కేంద్రం. ఏ మేత వేస్తే ఏ చేప ఎంత పెరుగుతుందో ఇక్కడ తేలుస్తారు. దీన్ని నడిపే పెద్ద డాక్టరు నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకు నేలమాళిగలోని ఊపిరి గదిలోకి వెళ్లాడు. చేప ఎంత గాలి పీలుస్తుందో కొలిచే గది కనుక పనివాళ్లు దానికి ఆ పేరు పెట్టుకున్నారు. సాయంత్రం ఆరింటికి తలుపు తెరిస్తే ఆయన నేల మీద చచ్చి పడి ఉన్నాడు. కొలతల కోసం ఆ గదిలోకి గొట్టం వేసి బయటి నడవలో పెట్టిన నైట్రోజన్ సిలిండరు మీటను ఎవరో తిప్పారు. తొట్టెలోకి బయటి గాలిని పంపే మోటారును ఎవరో ఆపారు. కిటికీ లేని గదిలో ఉన్న మంచి గాలినంతా నైట్రోజన్ బయటికి నెట్టేసింది. తలుపు లోపలి పిడి ఊడిపోయి నెలలైంది, లోపలున్నవాళ్లు దాన్ని తీయలేరు. బయట నుంచి తీయడానికి ఉన్న తాళం చెవి ఒకటే. అది పిన్ని మొలలో దొరికింది.

చేపలకు మేత వేసే మనిషిని ఇక్కడ అందరూ పిన్ని అంటారు. ఆవిడకు నన్ను పెట్టుకునే స్తోమతు లేదు, ఆ ఊహా లేదు. నాకు ఫోన్ చేసింది ఆవిడ కూతురు. ప్రసూతి ఆస్పత్రి మంచం మీద నుంచి, నొప్పికీ నొప్పికీ మధ్య మాట్లాడింది. తొలి కాన్పు. భర్త ఓడలో పనిచేస్తాడు, ఎక్కడో నడిసముద్రంలో ఉన్నాడు. మా అమ్మ పక్కన లేకపోతే నేను బతకనండీ అని ఆ పిల్ల ఏడుస్తుంటే నాకు వినబుద్ధి కాలేదు. సరే వస్తానన్నాను.

గొళ్లెం తీయించుకుని లోపలికి వెళ్లాను. మేత బస్తాలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. ఎండుచేపల పొడి వాసనకు కళ్లు మండాయి. ఆ బస్తాల మధ్య ఒక మనిషి పట్టేంత సందులో పిన్ని ముడుచుకుని కూర్చుంది. నేనెవరో చెప్పగానే కేసు గురించి అడగలేదు, కూతురికి నొప్పులు ఎంతసేపటికొకసారి వస్తున్నాయని అడిగింది. తెలియదన్నాను. మొహం తిప్పేసుకుంది.

అడగ్గా అడగ్గా జరిగింది చెప్పింది. నిన్న పొద్దున తొమ్మిదింటికి ఊపిరి గదిలోని తొట్టెకు మేత వేసింది. ఆ తర్వాత పెద్ద డాక్టరు ఆవిణ్ణి అందరి ముందూ కేకలేశాడు. కొత్త మేత పరీక్షలో ఉన్న చేపలు అంత తొందరగా ఎలా పెరిగాయి, లెక్కకు మించి వేస్తున్నావా అని అడిగాడు. లేదని ఆవిడ ఒట్టేసుకుంటే, ఆయన ఉన్నట్టుండి చల్లబడి, అయితే సంగతేమిటో సాయంత్రానికి నేనే తేలుస్తానన్నాడు. ఒంటిగంటకు పిన్ని తలుపు తీసిపెట్టింది. తలుపు మూసుకుపోకుండా చెక్కముక్క అడ్డం పెట్టింది. తలుపు తెరిచి ఉన్నంతసేపూ ఆ తాళం నుంచి చెవి ఊడిరాదు, అందుకని దాన్ని అక్కడే వదిలి వచ్చేసింది. నాలుగింటికి మళ్లీ వెళ్లేసరికి తలుపు మూసి ఉంది, చెవి పక్కనున్న మేకుకు వేలాడుతోంది. పని ముగించి ఆయన వెళ్లిపోయాడనుకుని చెవి మొలలో దోపుకుంది. ఆరింటికి మేత వేద్దామని తెరిచింది.

“తెరిచాక ఏం చూశావు పిన్నీ?” అన్నాను.

“అయ్యగారి కాళ్లు చూశానమ్మా. ఇంకేం చూళ్లేదు. అరుచుకుంటూ పైకొచ్చి పడ్డాను. మళ్లీ నన్ను కిందికి వెళ్లనివ్వలేదు.”

లేచి వస్తుంటే ఆవిడ నా చెంగు పట్టుకుంది. ఉరేసినా పరవాలేదు కానీ, పిల్లకు కాన్పయ్యేదాకా ఒక్క పూట బయట ఉండనివ్వమని చెప్పమంది. తలుపు వేసి మళ్లీ గొళ్లెం పెడుతుంటే నా చేతి మీద నాకే అసహ్యం వేసింది.

తర్వాత అల్లుడు డాక్టరు దగ్గరికి వెళ్లాను. పెద్ద డాక్టరు కూతురిని చేసుకున్నాడు కనుక ఆయనకు ఆ పేరు. ఈ కేంద్రంలో రెండో స్థానం ఆయనదే, కొత్త మేత పరీక్ష కూడా ఆయనదే. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మామగారి పేరెత్తితే గొంతు బొంగురుపోయింది. నిన్న రెండింటికి బయల్దేరి చేపల రైతుల సభకు వెళ్లాడు. ఆరున్నర దాకా వేదిక మీదే ఉన్నాడు, చూసినవాళ్లు సభ నిండా ఉన్నారు. ఇదంతా నేను అడక్కముందే చెప్పాడు. మా బావకు ఆయన మీద పుట్టెడు గౌరవం. తనూ ఒక ఇంటి అల్లుడే కదా, ఆ కులం వాళ్లు ఒకరినొకరు అనుమానించుకోరు.

మోటారు ఎప్పుడు ఆగిందో తెలిసే దారి ఉందా అని అడిగాను. ఆయన మొహంలోకి పాఠం చెప్పే కళ వచ్చింది. మామగారు పోయిన మర్నాడు కూడా కొందరికి ఆ కళ దాగదు.

“ఆ తొట్టెలో ఉన్నవి బొటనవేలంత పిల్లలండీ. కరెంటు పోయి గాలి ఆగితే రెండు గంటల్లో తేలిపోతాయి. ఇక్కడ స్వీపరుకు కూడా తెలుసు ఆ సంగతి. నిన్న ఆరింటికి మోటారు ఆగి ఉంది, పిల్లలు మాత్రం బతికే ఉన్నాయి. అంటే ఆగింది నాలుగు తర్వాతే.”

“పిల్లలకు అంత గాలి దేనికండీ? ఉన్నదే వేలెడు.”

“ఇంట్లో పసివాణ్ణి చూడండి. గంటగంటకీ ఆకలంటాడు, కాలు ఒకచోట నిలవదు. తాతగారు ఒకపూట తిని కుర్చీలో కూర్చుంటారు. మొత్తం మీద తాతగారిదే ఎక్కువ కావచ్చు, కిలోకింతని చూస్తే మాత్రం పసివాడిదే ఎక్కువ. చేపలూ అంతే. కిలో బరువు పిల్లలు పీల్చే గాలిలో సగం కూడా కిలో బరువు పెద్ద చేపలకు అక్కర్లేదు. పైగా తిన్నది అరిగించుకోవడానికి ఇంకొంత గాలి కావాలి. మేత వేసిన తొట్టెలో గాలి ఇట్టే అయిపోతుంది.”

“పస్తున్న చేపయితే?”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడవడం కొంచెం ఎక్కువసేపే పట్టింది.

“దానికి తక్కువ చాలు. కానీ ఆ తొట్టెకు పొద్దున మేత వేశారు. పిన్నే చెప్పిందిగా.”

చెప్పింది. నాతోనూ చెప్పింది. ఆవిడ నిజం చెబుతోందని నేను నమ్మితే, ఆ నిజమే ఆవిడ మెడకు ఉచ్చవుతోంది. ఎటు తిరిగినా గోడే తగులుతోంది నాకు. వచ్చేస్తుంటే అల్లుడు డాక్టరు వెనక నుంచి పిలిచి, నిన్నటి నుంచి ఆ గదికి సీలు వేసి ఉంచారని, లోపలి చేపలకు మేత లేదని, తనను ఒక్క ఐదు నిమిషాలు లోపలికి పంపమని ఇన్‌స్పెక్టరు గారితో చెప్పమన్నాడు. పొద్దున్నుంచి మూడుసార్లు అడిగాడట.

మా బావ దగ్గరికి వెళ్లేసరికి మూడుంపావు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషితో వాదించడం నాకు కొత్త కాదు. పండగ చీర రంగు దగ్గర మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లుగా వాదిస్తూనే ఉన్నాను.

ఆయన తన లెక్క ఒప్పజెప్పాడు. డాక్టరు అందరి ముందూ తిట్టాడు, ఆవిడకు కోపం వచ్చింది. నాలుగింటికి కిందికి వెళ్లానని ఆవిడే ఒప్పుకుంది. చెవి ఆవిడ దగ్గరే ఉంది. మోటారు ఆగింది నాలుగు తర్వాతేనని చేపలే సాక్ష్యం చెబుతున్నాయి. గది చల్లగా ఉంచుతారు కనుక శవపరీక్ష చేసిన డాక్టరు ఒంటిగంటకూ అయిదున్నరకూ మధ్య ఎప్పుడైనా కావచ్చన్నాడు. అందుకని చేపలకంటే మంచి గడియారం లేదు.

“మీట తిప్పితే గదిలో మనిషి చస్తాడని పిన్నికి ఎలా తెలుసు బావా?”

“ఇన్నేళ్ల నుంచి ఇక్కడే పడుంది. చేపపిల్లకు ఈత నేర్పాలా?”

“మరి అల్లుడుగారు? మామగారు పోతే ఆ కుర్చీ ఎవరిది?”

“అదిగో, మొదలెట్టావు. మామ చచ్చిన దుఃఖంలో కూడా చేపలకు మేత లేదని పొద్దున్నుంచి నా చుట్టూ తిరుగుతున్నాడు. అంత మెత్తని గుండె నీకూ లేదు, నాకూ లేదు” అన్నాడు.

ఊపిరి గది చూస్తానన్నాను. వద్దంటే మా అక్కకు ఫోన్ చేస్తానని భయపడ్డాడేమో, చెవి తీసి నా చేతిలో పెట్టాడు. నేను కదల్లేదు. పిన్నిని గంటసేపు ఆస్పత్రికి పంపమని, నా పూచీ అని అడిగాను. చట్టం మీ అక్క వంటిల్లు కాదన్నాడు. అప్పుడు నాకు నిజంగానే ఒళ్లు మండింది.

“పెద్దదాని కాన్పుకి అక్క పద్నాలుగు గంటలు కొట్టుకుంది. నువ్వు డ్యూటీలో ఉన్నావు, మా అమ్మ అప్పటికే లేదు. అక్క చేతిలో నా చెయ్యి ఉంది. ఆ నొప్పికి నా వేలు విరిగింది. ఇదిగో, ఇప్పటికీ వంకరే. ఆ పిల్ల చేతిలో ఇవాళ ఎవరి చెయ్యీ లేదు బావా.”

ఆయన నా వేలు కేసి చూసి, తర్వాత గొళ్లెం కేసి చూశాడు. నేను మెట్లు దిగాను.

నేలమాళిగలో నడవ పొడవునా నీళ్ల మోటార్ల రొద. మనిషి పక్కన నిలబడి అరిస్తే తప్ప వినపడదు. ఊపిరి గది తలుపు మందంగా, చుట్టూ రబ్బరు పట్టీతో ఉంది. మధ్యలో పలకంత గాజు. సీలు తెంపి, చెవి తిప్పి తీశాను. పిన్ని చెప్పింది నిజమే, తలుపు తెరిచాక చెవి ఊడిరాలేదు. చెక్కముక్క అడ్డం పెట్టి లోపలికి వెళ్లాను. గది చిన్నది. ఒక బల్ల, కొలిచే గాజు పెట్టెలు, గోడకొక ఫోను ఉన్నాయి. కొలత జరిగేటప్పుడు తలుపు తీయకుండా మాట్లాడుకోవడానికి పెట్టిన ఫోను అది, తలుపు అవతలి ఫోనుకు తప్ప ఇంకెక్కడికీ కలవదు. మూలన గాజు మూతతో తొట్టె. మోటారును నిన్న రాత్రే మళ్లీ వేశారు, గొట్టంలో నుంచి బుడగలు వస్తున్నాయి.

తొట్టె అంచుకు మేత డబ్బా వేలాడుతోంది. మూత తీసి చూశాను. లోపల మెత్తని పిండి. వేలితో రాస్తే పౌడరులా అంటుకుంది. బొటనవేలంత చేపపిల్లకు నోరెంత ఉంటుంది, అంతకంటే పెద్దది వేస్తే ఎలా మింగుతుంది? సరిగానే ఉందనుకుని తొట్టెలోకి తొంగిచూశాను.

ఒక్కొక్క చేప నా అరచేయంత ఉంది.

ఓ ఇరవై దాకా ఉంటాయి. నిన్నటి పిండి మేత తొట్టె అంచుల్లో చెమ్మకు అట్టకట్టి అలాగే ఉంది. అడుగున గాజు అద్దంలా శుభ్రంగా ఉంది, ఒక్క రెట్ట కూడా లేదు. తిన్న చేపల తొట్టె అడుగు అలా ఉండదు. గాజు మూత జరిపి చిటికెడు పిండి చల్లాను. అన్నీ ఎగబడి, నోటికేమీ తగలక వెనక్కి మళ్లాయి. నా సంచిలో నుంచి బిస్కెట్టు తీసి, తుంపి వేశాను. నీళ్లు తెర్లాయి. ఒకదాని నోట్లోది ఇంకొకటి లాక్కుంది. అవి ఒక్కరోజు పస్తున్న చేపలు కావు. ఎన్నో రోజులుగా కావాలని మాడ్చిన చేపలు.

మా బావ నిన్న ఈ తొట్టె చూశాడు. చేప బతికుందా చచ్చిందా అన్నదే ఆయనకు కావాల్సింది. కంచంలోనైతే సైజు కూడా చూసేవాడు.

అంతా ఒక్కసారిగా విడిపోయింది. పొద్దున పిన్ని మేత వేసింది పిల్లలకే. ఆ తర్వాత ఎవరో పిల్లల్ని తీసేసి, అంతే బరువుకు పెద్ద చేపల్ని, అదీ కడుపు మాడ్చినవాటిని ఇందులో వేశారు. పెద్దవి కనుక గాలి సగం చాలు. పస్తువి కనుక అందులోనూ సగం చాలు. రెండు గంటలకు సరిపోయే నీళ్లు ఎనిమిది గంటలకు సరిపోతాయి. మోటారు ఒంటిగంటన్నరకు ఆగినా ఆరింటికి ఇవి బతికే ఉంటాయి. రెండింటికి బయల్దేరినవాడు నిశ్చింతగా వెళ్లి వేదికెక్కి కూర్చోవచ్చు. చేపల్ని మార్చినవాడు అంచున వేలాడే మేత డబ్బాను మార్చడం మర్చిపోయాడు. డబ్బా నింపేది పిన్ని. పై చదువులు చదివినవాళ్లు దాని మూత ఏనాడూ తీసి ఉండరు.

పెద్ద డాక్టరు నిన్న పొద్దున అనుమానించింది కూడా ఇదేనని అప్పుడు అర్థమైంది. కొత్త మేత పరీక్షలో చేపలు పెరగలేదు. వేరే చోట పెరిగిన ముదురు చేపల్ని తెచ్చి కలిపారు. మేత తిని నిజంగా పెరిగే లేత చేపకూ, దాని వేషం వేసిన ముదురు చేపకూ ఊపిరిలో తేడా తెలిసిపోతుంది. దాన్ని కొలవడానికే ఆయన ఈ గదిలోకి వచ్చాడు. చిన్న చేపల చోట పెద్ద చేపల్ని వేయడం అల్లుడికి అలవాటైన పని. పొద్దున్నుంచి మేత పేరుతో ఈ గదిలోకి రావాలని తిరిగింది వీటిని మళ్లీ మార్చడానికే. ఇంకా గంటకు పైగా పడుతుందేమో కానీ, పిన్నిని కూతురి దగ్గర కూర్చోబెట్టగలనని నాకు అప్పుడు పూర్తి నమ్మకం కలిగింది. సంతోషంతో తలుపువైపు తిరిగాను.

చెక్కముక్క తలుపు సందులో లేదు.

చప్పుడేమీ కాలేదు. రబ్బరు పట్టీ మెత్తగా కరుచుకుంది, మోటార్ల రొద ఒక్కసారిగా ఆగిపోయింది. తలుపు మీద పడి తోశాను. పిడి ఉండాల్సిన చోట రెండు బోల్టులున్నాయి. గోళ్లు పెట్టి లాగితే గోళ్లే విరిగాయి. తొట్టెలో బుడగలు ఒకటీ ఒకటిగా తగ్గి నిలిచిపోయాయి. పైన ఎక్కడో సన్నగా బుస్సుమని మొదలైంది. సెల్‌ఫోనులో సిగ్నలు లేదు.

గోడ ఫోను మోగింది.

“చేపలకు బిస్కెట్టు పెట్టకూడదండీ” అన్నాడు అల్లుడు డాక్టరు. గాజులో నుంచి ఆయన మొహం కనిపిస్తోంది. పాఠం చెప్పినప్పటి మొహమే. “పిండి కూడా పెట్టి చూశారు. అంతదాకా వచ్చాక నేను మాత్రం ఏం చేయగలను?”

ఫోను రెండు చేతులా పట్టుకున్నాను.

“పిన్ని పైన గొళ్లెం వెనక ఉంది. మా బావ కళ్ల ముందు ఉంది. నేనిక్కడ చస్తే ఆవిడ నిర్దోషని తేలిపోతుంది డాక్టరుగారూ. నా శవం ఎవరి మీద వేస్తారు?”

ఆయన నా మీద జాలిపడ్డట్టు తల ఒక పక్కకు వంచాడు.

“ఆ గొళ్లెం తీసేశారండీ. మా మరదలి పూచీ మీద వదులుతున్నానని ఇన్‌స్పెక్టరు గారే నాతో అన్నారు. వ్యాను వస్తే అందులోనే ఆస్పత్రికి పంపుతారట. వెళ్లేలోపు మీకొక మాట చెప్పి వెళ్లాలని ఆవిడ మిమ్మల్ని వెతుక్కుంటోంది. కింద ఉన్నారని నేనే చెప్పాను.”

ఫోను పెట్టేశాడు.

మా బావ పద్దెనిమిదేళ్లలో మొదటిసారి నా మాట విన్నాడు. ఆ సంగతి తెలిసి ఏడుపొచ్చింది. తొట్టె నుంచి గొట్టం లాగి నోట్లో పెట్టుకున్నాను. గాలి రాలేదు. మూత కింద చేపలు నెమ్మదిగా తిరుగుతున్నాయి, ఆ నీళ్లు వాటికి రాత్రి దాకా సరిపోతాయి. తల బరువెక్కుతుంటే గాజు దగ్గరికి వెళ్లి రెండు చేతులా బాదాను.

మెట్ల మీద నుంచి పిన్ని దిగి వస్తోంది. చెంగుతో మొహం తుడుచుకుని, జుట్టు సరిచేసుకుని వస్తోంది, కూతురి దగ్గరికి వెళుతోంది కదా. ఆయన గాజుకు వీపు ఆనించి నిలబడ్డాడు. ఆయన భుజం పక్క సందులో నుంచి ఆవిడ మొహం సగమే కనిపిస్తోంది. నా గురించి అడిగినట్టుంది. ఆయన వేలు పైకి చూపించాడు. తర్వాత తాళం నుంచి చెవి తీసి, ఇన్‌స్పెక్టరు గారికి ఇవ్వమన్నట్టు చాచాడు. నేను బాదుతూనే ఉన్నాను, బయటి రొదలో నా చేతుల చప్పుడు ఆవిడకు వినపడటం లేదు.

పిన్ని తలుపుకు నాలుగడుగుల దూరంలో నిలబడి, రెండు చేతులూ చాచి ఆ చెవి అందుకుంది. రోజూ దోపుకునే చోటే మొలలో దోపుకుని, గబగబా మెట్లెక్కి వెళ్లిపోయింది.